రత్నరాజు గారు లేని షాపు

కెనడాలోని బ్రాంప్టన్‌లో, గోదాముల్లో బరువులెత్తే ఫోర్క్‌లిఫ్టు బళ్లు రిపేరు చేసే షాపు మాది. వచ్చిన బండి తిరిగి వెళ్లడానికి తొమ్మిది రోజులు పడుతోంది. దాన్ని తగ్గించే దారి చూపించమని మేనేజర్ కెవిన్ నన్ను పెట్టుకున్నాడు. షాపులో ఒక్క బోల్టు కదపకుండా, ముందు కంప్యూటర్‌లో షాపును నడిపించి చూడటం నా పని. సిమ్యులేషన్ అంటారు. ఏ బండి ఎవరు బాగుచేశారో రాసే జాబ్ కార్డులు, ఆర్నెల్లవి ఎక్కించాను. మెకానిక్ రత్నరాజు గారు రోజులో సగం ఖాళీ అని తేలింది. ఆయన్ని తీసేసి నడిపినా ఏ తేడా రాలేదు.

ఆయన కాకినాడ మనిషి, ఇరవై రెండేళ్లుగా ఇక్కడే పని. నేనేమో నా లెక్క తప్పంటే ఒంటికాలి మీద లేచే రకం. "ఒకరు ఎక్కువ" అని కెవిన్‌కి చెప్పేశాను. శుక్రవారం రిపోర్టు ఇవ్వు, ఆయనకి నోటీసు ఇస్తానన్నాడు.

మనసొప్పక సోమవారం షాపులోకి దిగాను. రత్నరాజు గారు నిజంగానే తన బండి దగ్గర లేరు. ఇంకో మెకానిక్ రేవంత్ రెండు గంటలుగా కుస్తీ పడుతున్న బండి పంపు మీద చెయ్యి ఆనించి, "సీలు కాదు బాబూ, లోపల వాల్వ్ పట్టేసింది," అంటున్నారు. అక్కణ్ణుంచి ఇంకో బండి. మూడు రోజులు వెంట తిరిగాను. రోజుకి ఆరేడు బళ్లు. ఆ బళ్ల కార్డుల్లో ఒక్కదాని మీదా ఆయన పేరు లేదు.

"మీ పేరు రాయరేంటి అంకుల్?" అన్నాను, కోపంగానే.

"కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని కదమ్మా వాక్యం."

"నా కంప్యూటర్ బైబిల్ చదవలేదు అంకుల్."

ఆ సాయమంతా ఎక్కించి, ఆయన లేకుండా మళ్లీ నడిపాను. పంతొమ్మిది బళ్లు రిపేరు కాక బయటే ఆగిపోయాయి. ఆయనకి సొంత బండి అప్పగించకుండా, అందరికీ అందుబాటులో ఉంచి నడిపాను. తొమ్మిది రోజులు ఆరుకి దిగాయి. అది చూశాక కెవిన్ నోటీసు మాట ఎత్తలేదు.

శుక్రవారం లంచ్‌రూములో ఆయన ఎదురుగా కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాను. "ముందు మిమ్మల్ని అక్కర్లేదన్నది నేనే అంకుల్."

ఆయన అన్నం కలపడం ఆపారు. తిడతారనుకున్నాను.

"నేను లేకపోతే ఎన్ని ఆగాయన్నావు?"

"పంతొమ్మిది."

మళ్లీ అడిగారు. మళ్లీ చెప్పాను. మోచేత్తో కళ్లు తుడుచుకున్నారు.

"దేవుడు చూస్తే చాలనుకున్నానమ్మా ఇన్నాళ్లూ. మనిషి చూసినా ఇంత బావుంటుందని తెలీదు. థాంక్స్ తల్లీ."

ఆయన కంచం లాగేయబోయినదాన్ని నేను. నా లెక్క సరిచేసినందుకు థాంక్స్ చెప్పాల్సిందీ నేనే.