సవతి ఊపిరి

మా అత్తయ్యకి అరవై దాటాక సవతి వచ్చింది. ఎర్రటి రంగు, నాలుగు చక్రాలు, ముందు రెండు దీపాలు, ఒక్కరే కూర్చోవడానికి నల్లటి సీటు. కడుపు కింద బ్లేడు గిర్రున తిరుగుతుంటే పైన దర్జాగా కూర్చుని స్టీరింగు తిప్పుతూ గడ్డి కోసుకోవచ్చు. ఇంట్లో అందరం దాన్ని గడ్డి బండి అంటాం. అత్తయ్య మాత్రం సవతి అంటుంది. పొద్దున్నే మామయ్య కాఫీ గ్లాసుతో షెడ్డులోకి వెళ్ళి దాని బానెట్టు మీద చేయి వేసి నిలబడితే, వంటింటి గుమ్మంలోంచి చూసి, "దాని యోగక్షేమాలు అయ్యాక ఇంట్లో ఉన్నదాన్ని కూడా ఓసారి పలకరించండి" అంటుంది.

మా ఇంటి వెనక గోడ దాటితే బడి మైదానం. ఆ మైదానంలో గడ్డి పెంచడం, కోయడం, ఆటలకి సున్నంతో గీతలు గీయడం మామయ్య పని. చేత్తో నెట్టే మిషను వెనక నడిచీ నడిచీ ఆయన మోకాళ్ళు అరిగిపోయాయి. పోయిన వానాకాలం మైదానం మధ్యలో కూలబడిపోయారు. బడికి సెలవులు కావడంతో చూసినవాళ్ళు లేరు. భోజనానికి పిలుద్దామని అత్తయ్య గోడ దగ్గరికి వెళ్ళేదాకా పాపం ఆ వానలోనే తడుస్తూ కూర్చున్నారు. ఆపరేషన్ అయింది, చేతికి కర్ర వచ్చింది. ఇక ఇంటిపట్టున ఉండమని డాక్టరూ, మా ఆయనా, అత్తయ్యా ఏకగ్రీవంగా తీర్మానించారు. మామయ్య అందరి మాటా బుద్ధిగా విన్నారు. విని, ఎవరి షెడ్డులోనో మూలపడి ఉన్న ఈ పాత బండిని పట్టుకొచ్చారు.

"నడవొద్దన్నారు కదా, కూర్చునే చేస్తాను" అన్నారు.

మొదటి వారం బండి బంగారంలా నడిచింది. ఆ తర్వాత అలక మొదలుపెట్టింది. నాలుగు వరసలు కోసేది, రెండుసార్లు దగ్గేది, ఆగిపోయేది. మామయ్య కర్ర ఊతంతో దిగి, మూత తీసి పెట్రోలు ఉందో లేదో చూసి, మళ్ళీ మూత పెట్టి ఎక్కి తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది. మళ్ళీ నాలుగు వరసలు, మళ్ళీ దగ్గు. ఎక్కడమూ దిగడమూ చూసి అత్తయ్యకి ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు బడిలో పిల్లల ఆటల పోటీలనగా ఆవిడ షరతు పెట్టింది. "ఇవాళ సాయంత్రానికి మైదానం మొత్తం ఒక్కసారి కూడా ఆగకుండా కోస్తే సరే. ఆగిందా, పాతసామాన్ల అతను పట్టుకుపోతాడు. నేను ఆల్రెడీ కబురు పెట్టేశాను."

మామయ్య ఒప్పుకున్నారు. ఒప్పుకోక చేసేదేముంది. కానీ టిఫిను ముందు కూర్చుని కెలికి లేచిపోయారు. బండి పోతే దాంతోపాటు తన పనీ పోతుందనీ, ఇక ఆ మైదానాన్ని గోడ ఇవతలనుంచి చూడటమేననీ ఆయనకి తెలుసు. నాకూ తెలుసు. అందుకే నాకు కోపం వచ్చింది. నాకు కోపం వస్తే నోటికంటే ముందు చేతులు కదులుతాయి. పానా పెట్టె తీసుకుని షెడ్డులోకి వెళ్ళాను.

నేను కుట్టుమిషన్లు బాగుచేస్తాను. నా వృత్తిలో ఒకటే సూత్రం. దారం తెగుతుంటే సూదిని తిట్టకూడదు, రీలునుంచి సూదిదాకా దారం నడిచే దారంతా వెతకాలి, ఎక్కడో ఒకచోట పట్టేస్తూ ఉంటుంది. నా లెక్కలో పెట్రోలు కూడా తడి దారమే. ట్యాంకు దాని రీలు, కార్బురేటరు సూది.

మా ఆయన నా వెనకే ఫోనులో వీడియో చూసుకుంటూ వచ్చారు. "కార్బురేటరు పోయింది. కొత్తది వేయాలి" అని తేల్చేశారు. ఫ్యాను తిరగకపోతే స్విచ్చు చూడకుండా కొత్త ఫ్యాను కొందామనే మనిషి ఆయన.

"పోతే అసలు స్టార్టే కాకూడదు కదండీ. నాలుగు వరసలదాకా బాగుండి ఐదో వరసలో పోయి, మూత తీసి చూడగానే మళ్ళీ బాగవుతుందా?"

"వీడియోలో అలాగే చెప్పాడు."

"వీడియోలో అతన్నే రమ్మనండి, మైదానం కోసిపెడతాడు."

మామయ్య మాత్రం తన కుర్చీలో కర్ర ఒళ్ళో పెట్టుకుని, ఆపరేషన్ గది బయట కూర్చున్న చుట్టంలా నా చేతులకేసే చూస్తున్నారు. ఆయన్ని నిరాశపెట్టడం నావల్ల కాదు.

పాత పెట్రోలు తీసేసి కొత్తది నిండుగా పోశాం. నలకలు పట్టిన ఫిల్టరు మార్చాను. కార్బురేటరు అడుగు గిన్నె విప్పితే అద్దంలా ఉంది. పైపు ఎక్కడా నొక్కుకుపోలేదు, పగల్లేదు. చివరికి పైపుని కార్బురేటరు దగ్గర ఊడదీసి గాజు సీసాలో పెట్టి, మూత తీసి ట్యాంకులోకి తొంగిచూసి, అడుగున ఉన్న కొళాయి తిప్పాను. పెట్రోలు ధారగా పడింది.

"ఇంకేం, దివ్యంగా వస్తోంది" అన్నారు మామయ్య, ముఖం విప్పారుతూ.

మళ్ళీ అన్నీ బిగించి మూత పెట్టి బండి తిప్పాం. షెడ్డు ముందు వాకిట్లో కాసేపు హాయిగా పాడింది, దగ్గింది, ఆగింది. మామయ్య ముఖం మళ్ళీ ముడుచుకుపోయింది.

సరిగ్గా అప్పుడే పాతసామాన్ల అతను తోపుడుబండి గేటు దగ్గర ఆపి లోపలికి వచ్చాడు. అత్తయ్య స్టూలు వేసి టీ ఇచ్చింది. "నాకేం తొందర లేదమ్మా, నెమ్మదిగా చూసుకోండి" అన్నాడు నాతో, పిల్లి పాలగిన్నెని చూసినట్టు మా బండిని చూస్తూ. నాకు పుండు మీద కారం చల్లినట్టయింది.

ఇక్కడ మా అత్తయ్య గురించి ఒక సంగతి చెప్పాలి. ఆవిడకి మూతలంటే ప్రాణం. మా ఇంట్లో మూత లేని గిన్నె, బిరడా లేని సీసా కనిపించవు. మంచినీళ్ళ బిందె మీద మూత, ఆ మూత మీద గుడ్డ, గుడ్డ ఎగిరిపోకుండా దానిమీద గ్లాసు, ఆ గ్లాసు బోర్లించి. కుండ మూతికి మూత పెట్టగలం గాని ఊరి మూతికి పెట్టలేం అని సామెత ఉంది కదా. "మీ అత్తయ్యకి తగిన సైజు దొరకాలే గాని ఊరి మూతికీ పెడుతుంది" అంటారు మామయ్య. స్వెట్టరు మీద శాలువా, శాలువా మీద మఫ్లరు చుట్టి ఆవిడ తనని బయటికి పంపినప్పుడల్లా, "నాకు ఊపిరి సలపనివ్వదమ్మా ఈవిడ" అని నాతో మొరపెట్టుకుంటారు.

నేను మొండిదాన్ని. మళ్ళీ పైపు ఊడదీశాను, మళ్ళీ సీసా పెట్టాను, మళ్ళీ మూత తీసి కొళాయి తిప్పాను. ధార మామూలుగానే పడుతోంది. డాక్టరు గదిలో అడుగుపెట్టగానే జ్వరం తగ్గిపోయే పిల్లలుంటారే, అలా ఉంది దీని వరస.

"అబ్బబ్బ, ఏం కంపు" అంటూ అత్తయ్య చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని వచ్చింది. "అంత నోరు తెరుచుకుని ఉంటే మూత పెట్టాలని ఒక్కళ్ళకీ తోచదా?" తనే ట్యాంకు మూత తీసుకుని బిగించి, అలవాటు కొద్దీ ఇంకో పట్టు పట్టింది.

సీసాలో పడుతున్న ధార సన్నబడింది. చూస్తుండగానే దారమంత అయింది. తర్వాత చుక్కలు. తర్వాత అవీ లేవు.

"అత్తయ్యా, ఇప్పుడు మూత తీయండి" అన్నాను.

"ఇప్పుడే కదే పెట్టాను?"

"తీయండి, చెప్తాను."

తీసింది. ట్యాంకు హుస్సున గాలి పీల్చుకుంది. సీసాలోకి ధార ఎప్పటిలా దూకింది. పెట్టమన్నాను, ఆగింది. తీయమన్నాను, వచ్చింది. మా ఆయన ఫోను జేబులో పెట్టేసుకున్నారు.

"నిండు సీసా తలకిందులు చేస్తే నీళ్ళు బుడబుడమంటూ ఆగి ఆగి పడతాయి చూడండి" అన్నాను మామయ్యతో. "లోపలికి గాలి వెళ్తేనే బయటికి నీళ్ళు వస్తాయి. ఇదీ అంతే. మూతకి గాలి పోవడానికి సూది బెజ్జమంత బెజ్జం ఒకటి ఉండాలి. అది మూసుకుపోయింది. బండి ఆగినప్పుడల్లా మీరు మూత తీసి చూశారు, రోగం కుదిరింది. మళ్ళీ పెట్టారు, తిరగబెట్టింది."

మూత తిప్పి వెలుతురులో చూశాను. బెజ్జం ఉంది. బెజ్జం నిండా కొవ్వొత్తి మైనం ఉంది. ఏదో కారి పడింది కాదు, శ్రద్ధగా కూరి, పైన వేలితో నున్నగా రాసినది. మా ఇంట్లో అంత పనితనం ఒక్కరికే ఉంది. అందరం నెమ్మదిగా అత్తయ్య వైపు తిరిగాం.

"ఏం, అలా చూస్తారేం?" అంది ఆవిడ. "వంటింట్లోకి ఒకటే పెట్రోలు కంపు. ఏమిటా అని చూస్తే మూతకి చిల్లి. చిల్లిపడ్డ మూతని ఎవరైనా అలా వదిలేస్తారా? పూడ్చాను."

"ఎప్పుడు?"

"అది వచ్చిన వారానికి."

మామయ్య కర్ర కింద పెట్టేశారు. "నాకు ఒక్కడికే అనుకున్నానే ఇన్నాళ్ళూ. దీనికీ ఊపిరి సలపనివ్వలేదన్నమాట" అన్నారు. అనేసి, కళ్ళమ్మట నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. మా ఆయన నవ్వారు. నేను బండి పట్టుకుని కింద కూర్చుండిపోయాను. అందరికంటే ఎక్కువ నవ్వింది పాతసామాన్ల అతను. టీ ఒలకబోసుకుంటూ నవ్వి, తన బేరం ఆ నవ్వులోనే కొట్టుకుపోయిందని ఆలస్యంగా గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు.

అత్తయ్య మాత్రం నవ్వలేదు. లోపలికి వెళ్ళిపోయింది.

కుట్టుమిషను సూదితో మైనం మొత్తం తీసి, బెజ్జంలోంచి ఊదిచూసి, మూత మామయ్య చేతిలో పెట్టాను. ఆయన బండెక్కి వెనక గేటులోంచి మైదానంలోకి సాగిపోయారు. పాతసామాన్ల అతను కదల్లేదు. "సాయంత్రందాకా చూడమన్నారు కదా" అని గోడ దగ్గరికి స్టూలు జరుపుకున్నాడు.

వంటింట్లో అత్తయ్య పొయ్యి మీద పాలు పెట్టి, గిన్నెకి మూత వారగా ఉంచి నిలబడి ఉంది. షెడ్డు వైపు కిటికీ గట్టిగా మూసి ఉంది. మైనం పెట్టినా నమ్మకం చాలక దాన్ని కూడా గడియ వేసేసిందావిడ.

"మైనం మాత్రం కంపుకే పెట్టాను. నమ్ముతావా?" అంది నావైపు చూడకుండా.

"నమ్ముతాను అత్తయ్యా."

"కానీ అది ఆగిపోతుంటే లోపల్లోపల సంతోషించాను. ఆ రోజు వానలో ఆయన అలా కూర్చుని ఉంటే... నేను పిలవడానికి వెళ్ళకపోయి ఉంటే? అంత దూరంలో మళ్ళీ పడిపోతే నాకెలా తెలుస్తుందే? భయం నాకు. దానిమీద కోపం కాదు."

ఆవిడని అంత మెల్లగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. ఇన్నాళ్ళూ మూతలన్నీ దేనికోసమో అప్పుడు అర్థమై, ఆవిడ మీద చెప్పలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది. నాకు ఓదార్చడం చేతకాదు. వెళ్ళి కిటికీ గడియ తీసి రెండు రెక్కలూ బార్లా తెరిచాను. బండి చప్పుడు వంటింట్లోకి వచ్చేసింది. దూరంగా వెళ్తుంటే సన్నబడుతూ, తిరిగి వస్తుంటే పెరుగుతూ, ఎక్కడుందో చూడకుండానే తెలిసిపోతోంది.

"ఇలా వినిపిస్తున్నంతసేపూ ఆయన సీటులో ఉన్నట్టే" అన్నాను.

అత్తయ్య కాసేపు చెవి ఒగ్గి వింది. "ఇప్పుడు ఆ చివర మలుపు తిరిగారు" అంది. ఇంకొంచెం సేపటికి, "ఇటే వస్తున్నారు" అంది. నాలుగు వరసలు దాటాయి. ఐదో వరస దాటింది. ఆవిడ గరిటె పట్టుకుని కిటికీ దగ్గరే ఉండిపోయింది. పాలు కాచి దింపి, కూరలు తరిగి, ఎక్కడ ఏ పని చేస్తున్నా చెవి మాత్రం కిటికీకే వేలాడదీసింది. ఎండ వాలాక టీకి ఇంకో గిన్నెడు పాలు పొయ్యెక్కించి గరిటెతో కలుపుతోంది.

ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోయింది.

నేను తల ఎత్తేలోపే అత్తయ్య గుమ్మం దాటేసింది. చెప్పులు లేకుండా, చేతిలో గరిటెతో, గోడ దగ్గర ఆశగా లేచి నిలబడ్డ పాతసామాన్ల అతన్ని తోసుకుంటూ మైదానంలోకి పరుగు తీసింది. అరవై దాటిన మనిషిని అందుకోలేక నేను వెనకపడ్డాను.

మైదానం చివర మామయ్య బండి మీద, కర్ర ఒళ్ళో పెట్టుకుని రాజాలా కూర్చుని ఉన్నారు.

"ఏమైందండీ? మళ్ళీ ఆగిపోయిందా?"

"ఆగిపోలేదే. ఆపాను."

"ఎందుకూ?"

"కోయడానికి గడ్డి మిగల్లేదు."

అత్తయ్య అప్పుడు వెనక్కి తిరిగి చూసింది. గోడదాకా మైదానమంతా ఒక లేతపచ్చ చార, ఒక ముదురుపచ్చ చార. తను పరిగెత్తుకొచ్చిన పాదాల గుర్తులు తప్ప ఎక్కడా ఒక్క మచ్చ లేదు. రొప్పుతూ బానెట్టు మీద చేయి ఆనించింది.

మామయ్య కర్ర పట్టుకుని మెల్లగా దిగారు. ఆవిడ భుజం పట్టుకుని నల్లటి సీటులో కూర్చోబెట్టారు. "ముందు కాస్త ఊపిరి పీల్చుకో" అన్నారు.

అత్తయ్య ఊపిరి పీల్చుకుంది. గరిటె ఒళ్ళో పెట్టుకుని, స్టీరింగు మీద చెయ్యి వేసి, అటూ ఇటూ కదిలి సర్దుకుంది.

"సవతి సీటు మెత్తగానే ఉంది" అంది. అప్పుడు నవ్వింది.

పాతసామాన్ల అతను ఖాళీ తోపుడుబండితో వెళ్ళిపోతూ గేటు దగ్గరినుంచి మా అందరికీ చెయ్యి ఊపాడు. నేను వాళ్ళిద్దరినీ అక్కడే వదిలేసి ఇంటికి వచ్చాను. కిటికీ బార్లా తెరిచి ఉంది. పొయ్యి మీద పాలు పొంగి గట్టంతా కారిపోయాయి, గిన్నె మీద మూత లేదు. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చాక మూత లేని గిన్నెని చూడటం అదే మొదటిసారి.