పదిహేడో గడి

ఆటల లిస్టులో హఫ్సా పేరు లేదు. ముగ్గుల పోటీ లిస్టులో ఉంది.

కోస్గిలో బడి గేటుకు అతికించిన ఆ రెండు కాగితాలనూ ఆమె మూడుసార్లు చదివింది. మొదటిది ఫోన్ గేమ్ పోటీ. పదహారు పేర్లు, పదహారూ మగపిల్లలవే. రెండోది ముగ్గుల పోటీ. అందులో పదిహేడో నంబరు: హఫ్సా, తండ్రి యాకూబ్, పరుపుల దుకాణం. పుట్టి బుద్ధెరిగి హఫ్సా ముగ్గు వేసిన పాపాన పోలేదు. వాళ్ల ఇంటి ముందు దూది ఎగురుతుంది గానీ ముగ్గు పడదు. ఆ సంగతి కోస్గిలో పరుపు కుట్టించుకున్న ప్రతివాడికీ తెలుసు.

రాష్ట్రావతరణ దినం నాడు ఈ పోటీలన్నీ పెడుతున్నది ఊళ్లోని యువజన సంఘం. దాని సెక్రటరీ రాంచందర్ గేటు దగ్గరే నిలబడి కుర్చీలు లెక్కపెడుతున్నాడు. ఇరవై రోజుల కింద హఫ్సా తన పేరు ఇచ్చింది అతని చేతికే.

"రాంచందరన్నా, నేను గేమ్‌కు గదా పేరిచ్చింది. ముగ్గులల్ల ఎందుకున్నది?"

"అవునా చెల్లె? తప్పు పడ్డదనుకొని నేనే మార్చిన. ఆడపిల్ల పేరు గదా."

"తప్పు గాదు. నేనే ఆడుత."

"నువ్వా? మీ ఇంట్ల ఆడేది డానిష్ గదా."

డానిష్ ఆమె తమ్ముడు. ఆట మొదలైన మూడో నిమిషంలో చచ్చి, "అక్కా, జర చూడు" అంటూ ఫోన్ తెచ్చి ఆమె ఒళ్లో పడేసేవాడు. తుపాకీ మార్చడం, గోడ చాటున కూర్చోవడం వాడికి నేర్పింది హఫ్సాయే. అయినా ఊరంతా అనుకునేది తమ్ముడే అక్కకు నేర్పాడని. ఈ మాట ఎన్నిసార్లు సరిదిద్దినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంటుంది. రాంచందర్ చెడ్డవాడు కూడా కాదు, మంచి మనసుతోనే పేరు మార్చాడు. అదే హఫ్సాకు ఇంకా మంట. చెడ్డవాడైతే నాలుగు తిట్టి ఊరుకోవచ్చు. మంచివాడిని ఏం చేయాలి?

గేటు పైన ఫ్లెక్సీ మీద ఒక ఆడపిల్ల తుపాకీ పట్టుకుని నిలబడి ఉంది. ఒంటి మీద గుడ్డ తక్కువ, బెల్టులు ఎక్కువ. ఆ అవతారంతో కోస్గి చేలల్లోకి దిగితే మొదటి తుమ్మకంపకే మోకాళ్లు గీరుకుపోతాయి. పోటీకి బొమ్మగా ఆడపిల్ల కావాలి, పోటీలో మాత్రం ఆడపిల్ల పేరు కనిపిస్తే తప్పు పడిందంటారు. ఒకప్పుడు హఫ్సా ఆటలో ఆడ బొమ్మనే పెట్టుకునేది. ముఖం తెలియని పిలగాళ్లు వెంటపడి నంబర్ అడిగేవాళ్లు, ఇవ్వకపోతే వంటింట్లోకి పొమ్మనేవాళ్లు. విసిగి విసిగి ఒక మీసాల ముసలాయన బొమ్మకు మారింది. అప్పటి నుంచి ఆమెను తుపాకులతో కాల్చారు గానీ మాటలతో కాల్చలేదు.

"గెలిచినోళ్లు హైదరాబాద్ పోటీకి పోవాలె గదన్నా. ఏడాది నుంచి దీని కోసమే చూస్తున్న. నన్ను ఆడనియ్యి."

రాంచందర్ తల గోక్కున్నాడు. లిస్టులో ఉన్న నదీం అనే అతను మేనమామ పెళ్లికి పోయి ఇంకా రాలేదు. "వాని జాగల కూసో. పేరు తర్వాత చూద్దాం."

గుడ్డి కన్నా మెల్ల నయం అనుకుని హఫ్సా సరేనంది.

ఆడేవాళ్లను ఒక తరగతి గదిలో కూర్చోబెట్టారు. జనం బయట షామియానా కింద ఉన్నారు. అక్కడ పెద్ద తెర మీద ఆట కనిపిస్తుంది, మైకు పట్టుకుని లింగస్వామి అనే అతను చెబుతుంటాడు. హఫ్సాకు వెనక బెంచీ దొరికింది. ముందు బెంచీలో ఉన్న పర్వతాలు అనే పిలగాడు వెనక్కి తిరిగి, "డానిష్ ఎప్పుడొస్తడు?" అన్నాడు. ఆమె తల ఫోన్‌లోకి దించింది. నోరు తెరిస్తే ఫోన్ విసిరేసేదే.

ఆటలో పదహారు మందీ ఒక దీవి మీద దిగుతారు. తుపాకులు వెతుక్కోవాలి, చివరికి ఒక్కరే మిగలాలి. మగపిల్లలు చప్పుడు వినబడ్డ చోటికల్లా ఉరికారు. హఫ్సా ఉరకలేదు. నిండుగా దూది కూరిన పరుపులోకి సూది దించి అవతలి వైపు తేల్చడం పదేళ్లుగా చేస్తున్న పని. తొందరపడితే దారం తెగుతుందని ఆమె వేళ్లకు తెలుసు. మీసాల ముసలాయనను ఒక గుట్ట వెనక కూర్చోబెట్టి, వచ్చినవాడిని వచ్చినట్టు కాల్చి దించింది.

కిటికీలోంచి మైకు వినబడుతూనే ఉంది.

"నదీమన్న దిమాక్ చూడున్రి. ఒక్క గుండు దండుగ చేస్తలేడు. మగోని ఆటంటే గిట్లుండాలె."

హఫ్సాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ కోపంలో ఐదో వాడిని, ఆరో వాడిని కూడా దించింది. చివరికి పర్వతాలు ఒక కొట్టంలో దాక్కున్నాడు. నాలుగు నిమిషాలు ఓపిక పట్టింది. వాడు తల బయట పెట్టాడు. అంతే.

బయట ఈలలు, చప్పట్లు. నదీం, నదీం అని కేకలు. పర్వతాలు లేచి, ఫోన్ వేడెక్కిందన్నాడు. సిగ్నల్ లేదన్నాడు. ఆడలేక మద్దెల ఓడు.

లింగస్వామి నదీంను స్టేజీ మీదకు పిలిచాడు. హఫ్సా ఎక్కింది.

"చెల్లె, అన్నను రమ్మను. కప్పు ఆయనకే ఇయ్యాలె."

జనం నవ్వారు. రాంచందర్ చెవిలో అసలు సంగతి చెప్పాక లింగస్వామి మైకు మీద చెయ్యి అడ్డం పెట్టి ఆమెను కిందికీ మీదికీ చూశాడు. "గీ పిల్లనా?"

"ఎవలో బయట నుంచి ఆడిన్రు," అన్నాడు పర్వతాలు. "ఈమె ఉత్తగ ఫోన్ పట్టుకొని కూసున్నది."

"నా ముంగటనే ఆడింది," అన్నాడు రాంచందర్. హఫ్సా ప్రాణం లేచి వచ్చింది. "కాని లిస్టుల నదీం పేరున్నది గదా. గెలిచినోళ్లకిచ్చే ఉత్తరం గూడ ఆ పేరు మీదనే పోనీ. హైదరాబాద్‌కు నదీం పోతడు. నువ్వు ఒక్కదానివి యాడ తిరుగుతవు చెల్లె?"

సొమ్మొకడిది, సోకొకడిది. నోరు తెరవబోయేలోపే అతను ఒక స్టీలు డబ్బా తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇదేంది?"

"ముగ్గుల పోటీకి. లిస్టుల ఉన్నోళ్లందరికి ఇస్తున్నం."

వేయని ముగ్గుకు బహుమతి, సొంత పేరు మీద. గెలిచిన ఆటకు ఉత్తరం, ఎవడో పెళ్లికి పోయినవాడి పేరు మీద. హఫ్సాకు ఏడుపొచ్చింది. వీళ్ల ముందు ఏడవకూడదని స్టేజీ దిగి గ్రౌండులోకి నడిచింది.

ముగ్గులన్నీ అక్కడే ఉన్నాయి. ముఖ్య అతిథి వచ్చి చూసేదాకా ఎవరూ చెరపరు. ఒక్కొక్కరికి ఒక్కో గడి, గడికో నంబరు. పదహారో గడిలో పక్కింటి గుర్వమ్మ వేసిన నెమలి ఉంది. గుర్వమ్మ గొర్రెలు కాసే ఇంటి మనిషి, గిన్నెలో మిగిలిన ముగ్గుతో పక్కనే కూర్చుని ఉంది. పదిహేడో గడి ఖాళీ.

"పెద్దమ్మా, ఆ ముగ్గు జర ఇయ్యి."

హఫ్సా వంగి, బారెడు బారెడు అక్షరాలు రాసింది. ఫోన్ గేమ్ గెలిచింది నదీం కాదు. హఫ్సా. యాకూబ్ బిడ్డ. ఏడుగురిని కొట్టిన.

గుర్వమ్మకు చదువు రాదు. "ఏం రాసినవు బిడ్డ?" హఫ్సా చదివి వినిపించింది, జరిగిందంతా చెప్పింది. గుర్వమ్మ గిన్నె తీసుకుని అక్షరాల చుట్టూ చుక్కలు పెట్టి, తీగె లాగి, నాలుగు మూలలా నాలుగు పూలు వేసింది.

జనం మూగారు. ఫోన్లు పైకి లేచాయి. రాంచందర్ ఉరికొచ్చి, చెరపడానికి కాలెత్తాడు.

"కాలు దియ్యి," అంది గుర్వమ్మ. "ఆడోళ్లు ఏసిన ముగ్గు తొక్కుతరా ఎవలన్న?"

"ఇది ముగ్గు గాదు పెద్దమ్మా."

"నీ లిస్టుల ఉన్నదా, లేదా? డబ్బా గూడ ఇస్తివి గదా."

రాంచందర్ కాలు కాసేపు గాలిలోనే ఉంది. తర్వాత మెల్లగా వెనక్కి పోయి నేల మీద ఆనింది. అంతలో గేటు దగ్గర ముఖ్య అతిథి కారు హారన్ వినబడింది.

"ఏం గావాలె చెల్లె, జల్ది చెప్పు."

"ఉత్తరం మీద నా పేరు."

అతను జేబులోంచి ఉత్తరం, సంఘం ముద్ర తీశాడు. నదీం పేరు కొట్టేసి, హఫ్సా అని రాసి, పక్కన సంతకం పెట్టి, ముద్ర కొట్టి ఇచ్చాడు. తప్పు చేసినవాడిలా కాదు, తప్పు దిద్దుకునేవాడిలాగే ఇచ్చాడు, అది ఒప్పుకోవాలి. హఫ్సా ఉత్తరాన్ని రెండు మడతలు పెట్టి స్టీలు డబ్బాలో దాచి మూత బిగించింది. ఏడాది ఎదురుచూపు అందులో పట్టింది. హైదరాబాద్‌కు పోయేది తనే.

రాంచందర్ స్టేజీ వైపు చెయ్యి ఊపాడు. మైకు గరగరమంది.

"సోదరులారా, జర తప్పు జరిగింది," అన్నాడు లింగస్వామి. "గేమ్ గెలిచింది మన యాకూబ్ బిడ్డ హఫ్సా. చప్పట్లు కొట్టున్రి. ఆడపిల్ల అయ్యి గూడ, అచ్చం మగపిలగాని లెక్క ఆడింది."

చప్పట్లు బ్రహ్మాండంగా మోగాయి. రాంచందర్ కూడా సంతోషంగా కొట్టాడు.

హఫ్సా కళ్లు మూసుకుని, తెరిచింది. డబ్బా కింద పెట్టి, చేతులు దులుపుకుంది.

"పెద్దమ్మా," అంది, "ముగ్గు ఇంక ఉన్నదా?"