గుబిలి తీసే నాయనమ్మ

ఆ సందులో ఏ పిల్లవాడి చెవిలో గుబిలి తీయాలన్నా నాయనమ్మ దగ్గరికే రావాలి. అందులో ఆవిడ చెయ్యి తిరిగిన మనిషి. సెలవు రోజున గుమ్మంలో కూర్చుని, పిల్లల్ని ఒళ్లో పడుకోబెట్టుకుని, గోరువెచ్చని నూనె చుక్క వేసి, తలపిన్ను వంపుతో గుబిలి లాగి తల్లులకు చూపించేది. "ఇంత పెట్టుకుని బళ్లో ఏం వింటాడే వీడు!" అనేది.

సొంత మనవరాలి చెవి మాత్రం ఆవిడకు లొంగలేదు. గట్టిగా అరిచి మాట్లాడుతుందని ఆ పిల్లను అందరూ మైకు అని పిలిచేవారు. ఎడమ చెవిలోంచి చీము కారి దిండంతా మరకలయ్యేది. నాయనమ్మ ఇంకాస్త నూనె పోసేది.

మైకు తల్లికి, అంటే నాయనమ్మ కోడలికి, సందు మొదట్లో ఇస్త్రీ బండి ఉంది. ఒకరోజు వెనకనుంచి వచ్చే ఆటో హారన్ మైకుకు వినపడలేదు. తల్లి రెక్క పట్టి లాగబట్టి సరిపోయింది. ఆ పూటే కోడలు ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టేసింది.

"అత్తా, దీన్ని డాక్టరమ్మకు చూపిస్తా. నువ్వు వద్దన్నా సరే."

"నేనెందుకు వద్దంటానే? నేనూ వస్తా. నాకు తెలియనిది ఆవిడకేం తెలుసో చూస్తా."

డాక్టరమ్మ లైటున్న సన్నటి గొట్టం చెవిలో పెట్టి, లోపలి బొమ్మను తెర మీద చూపించింది. చీము మధ్య పల్చటి పొర, దానికి చిల్లు.

"అది కర్ణభేరి అమ్మా. చిల్లు పడింది."

నాయనమ్మ గొంతు తగ్గింది. "నా పిన్ను వల్లేనా?"

"జలుబు ముదిరి చీము పట్టినా పడుతుంది. దేనివల్లో నేను చెప్పలేను. కానీ ఇకమీదట నూనె, పిన్ను, పుల్ల ఏదీ లోపలికి వెళ్లకూడదు. గుబిలి దానంతటదే బయటికొస్తుంది. మందు సరిగ్గా వేస్తే ఈ చిల్లు మూసుకుపోవచ్చు."

నాయనమ్మ డాక్టరమ్మ బల్ల దగ్గరికి జరిగింది. "సరేనమ్మా, మానేస్తా. మందెలా వెయ్యాలో నాకు చూపించు. మా కోడలికి పొద్దస్తమానం పనే."

చీమును శుభ్రమైన దూదితో అద్దడం, చుక్కలు వేశాక పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టడం, స్నానమప్పుడు చెవిలోకి నీళ్లు పోకుండా చూడడం, అన్నీ అక్కడే నేర్చుకుంది.

సెలవు రోజు పిల్లలు గుమ్మం ముందు చేరారు. "గుబిలి దుకాణం బంద్!" అంది నాయనమ్మ. అయినా ఒక్కొక్కరి చెవీ పైపైన చూసి, చీము వాసన వచ్చినవాళ్లను పక్కన నిలబెట్టింది.

"ఇన్నాళ్లూ తీసింది నువ్వే కదా పెద్దమ్మా?" అని ఒక తల్లి నిలదీసింది.

"తీశాను. ఇప్పుడు వద్దంటున్నాను. అప్పుడు నా మాట విన్నావు, ఇప్పుడూ విను. రేపు పిల్లాణ్ణి తయారుచెయ్యి, డాక్టరమ్మ దగ్గరికి నేనే తీసుకెళ్తా."

చీము ఆగింది. కొన్ని నెలలకు చిల్లు పూడుకుంది. ఆఖరిసారి వెళ్లినప్పుడు డాక్టరమ్మ మైకు కుడిచెవి మూసి, వెనక నిలబడి గుసగుసగా అడిగింది. "పొద్దున ఏం తిన్నావు?"

మైకు వెనక్కి తిరిగింది. "అన్నం తిన్నా. అంత మెల్లిగా అడుగుతారేంటి డాక్టరమ్మా, గొంతు నొప్పా?"