ఎంజైమ్ పోయాక

ఆదివారం మధ్యాహ్నం, భర్త తిని లేచిన కంచంలోనే కల్పలత అన్నం పెట్టుకుంది. యాప్రాల్‌లోని ఆ ఇంట్లో పెళ్లయిన నాటి నుంచీ అంతే. "మొగుని కంచంల తింటె ఆయుష్షు పెరుగుతది" అని అత్త విజయమ్మ కాపురానికొచ్చిన రోజే చెప్పింది. ఎవరి ఆయుష్షో చెప్పలేదు, ఈమె అడగలేదు. డాక్టరేట్ చేసిన మనిషి, ల్యాబ్‌లో గ్లోవ్స్ లేకుండా గాజు గిన్నె ముట్టదు, ఇంట్లో మాత్రం ఎంగిలి కరివేపాకు పక్కకు తోసి తింటుంది. విజయమ్మ పోయి రేపటికి ఏడాది. అయినా ఇంకో కంచం తీసుకోవాలని ఆమెకు తోచనే లేదు.

రేపే ల్యాబ్‌లో ఆమె ప్రసంగం. ఢిల్లీ నుంచి పెద్దలొస్తున్నారు. ఎలుక కణాల్లో ఉండే ఒక ఎంజైమును ఆవజాతి చిన్న మొక్కలో పని చేయించింది కల్పలత. అది డీఎన్ఏ మీద మిథైల్ అనే చిన్న గుర్తు వేస్తుంది. అక్షరం ఒక్కటీ మారదు, గుర్తు పడిన జన్యువు మాత్రం నోరు మూసుకుంటుంది. తర్వాతి తరాల్లో ఎంజైము లేని మొక్కల్ని ఏరి పెంచితే, వేసే చెయ్యి పోయినా గుర్తు మునిమనవరాళ్ల దాకా అలాగే ఉంది. పరాయి పుప్పొడి పడకుండా పూతకొచ్చిన ప్రతి మొక్కకూ సంచి తొడిగి, పచ్చి బాలింతగా ఉన్నప్పుడు కూడా ల్యాబ్‌కు వచ్చి కాసుకుంది. "ఎలుకది చెట్టుకు పెడ్తవు సరే, ఇంట్ల పిల్లకు అన్నం ఎవరు పెడ్తరు?" అనేది విజయమ్మ.

"అమ్మ సంవత్సరీకం నాడు కోడలు లేకుంటె చుట్టాలు ఏమంటరు? నీ జూనియర్ పృథ్వీ చెప్తడు గద" అన్నాడు నిన్న భర్త విజయేందర్. గొడవెందుకులే అని ఆమె ల్యాబ్ పెద్ద సార్‌కి ఫోన్ చేసి రాలేనని చెప్పింది. "ఫ్యామిలీ ఫస్ట్ అమ్మా" అన్నారాయన, కాదనకుండానే. రేపు పృథ్వీ నోట వచ్చిన పని ఎల్లుండి పృథ్వీదే అవుతుందని ఆమెకు తెలుసు. ఆ ధ్యాసలో పోపు మాడింది, దానికీ మాట పడింది.

ముద్ద నోట్లో పెట్టుకోబోతూ కూతురి వైపు చూసింది. తమ్ముడు తిరుమల్ తిని లేచిన కంచం నవత తన ముందుకు లాక్కుని, వాడు వదిలేసిన మెతుకులు పక్కకు తోసి, అన్నం పెట్టుకుంటోంది.

"వేరే కంచం తెచ్చుకో బిడ్డా. గిట్ల తినమని ఎవరు చెప్పిన్రు?"

"ఎవ్వరు చెప్పలే మమ్మీ. నువ్వు సుత గట్లనే తింటవ్ గద."

కల్పలత ముద్దను కంచంలోనే వదిలేసింది. ఈ పిల్లకు విజయమ్మ ఆ మాట ఏనాడూ చెప్పలేదు. ఎవరూ చెప్పకుండానే వచ్చింది, తన నుంచి వచ్చింది. లేచి కడిగిన కంచం తెచ్చి, "దీంట్ల తిను" అంది. నవత తల్లిని చూడలేదు. సోఫాలో ఉన్న తండ్రి మొహం చూసింది, తీసుకోవచ్చా అన్నట్టు.

కల్పలత చెయ్యి కడుక్కుని ఫోన్ తీసింది.

"సార్, రేపు నేనే మాట్లాడతాను."

"ఇంట్లో ఒప్పుకున్నారా అమ్మా?"

విజయేందర్ టీవీ గొంతు తగ్గించాడు.

"అడగలేదు సార్" అంది.