పట్టా వంగే మలుపు

మా పెళ్ళయిన ఏడో వారంలో మా ఆయన ఇమ్మాను నన్ను పచ్‌మఢీ కొండలకు తీసుకెళ్తానన్నాడు. అతను భిలాయి ఉక్కు ప్లాంటులో, రైలు పట్టాలు చేసే మిల్లులో పనిచేస్తాడు. అక్కడ బుధవారం నుంచి శనివారం దాకా నాలుగు రోజులు సెలవు దొరకడమే గొప్ప. కొండలెక్కడానికి నేను రెండు జతల బూట్లు కొన్నాను, ఒక జత తడిస్తే ఇంకోటి ఉండాలని. సెక్టర్ 2లో మా క్వార్టర్ చిన్నది. మంచం మీద సూట్‌కేసు తెరిచిపెట్టి, రోజూ ఏదో ఒకటి సర్దడం, మళ్ళీ తీయడం నాకు భలే సరదాగా ఉండేది.

నాకు కావలసింది కొండలు ఒక్కటే కాదు. పార్వతీపురంలో డిగ్రీ చదివేటప్పటి నుంచి నేను బస్సెక్కి చూసొచ్చిన ఊళ్ళ గురించి బ్లాగు రాస్తున్నాను. చదివేవాళ్ళు నలభై మంది ఉంటారు. ఈ మధ్య లిస్బన్‌లో ఉండే వనజాక్షి గారు నాకు మెయిల్ పంపారు. తెలుగులో ప్రయాణాల బ్లాగులు చదివేవాళ్ళలో ఆవిడ పేరు తెలియనివాళ్ళు తక్కువ. ఆవిడ బ్లాగులో వారం పాటు రోజుకొకరు చొప్పున ఏడుగురం రాయాలి. సోమవారం లిస్బన్ ట్రాములు, మంగళవారం హనోయ్ కాఫీ, అలా సాగి ఆదివారం షీబా, పచ్‌మఢీ. ఆ వరసలో నా పేరు చూసుకుని వంటింట్లో గెంతితే, పాలు పొంగిపోయాయేమోనని మా అత్తయ్య లూసీ పరుగెత్తుకొచ్చింది.

పక్కనున్న దుర్గ్‌ స్టేషన్లో రైలెక్కాలి. టికెట్ మీద పద్నాలుగో తేదీ, అర్ధరాత్రి దాటాక యాభై ఐదు నిమిషాలకు బండి. పద్నాలుగు మంగళవారం. ఆ సాయంత్రం సూట్‌కేసుకు తాళం వేసి కూర్చున్నాం. పక్క క్వార్టర్ గురునాథరావు గారు టీకి వచ్చారు. అదే మిల్లులో పట్టాలను వ్యాగన్ల మీదికి ఎక్కించే చోట ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. ఏ బోగీయో చూస్తానని టికెట్ అడిగి తీసుకుని, కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశారు.

"బాబూ, ఈ బండి నిన్న రాత్రే ఎల్లిపోనాది కదరా."

ఇమ్మాను నవ్వాడు. "అదెలా అంకుల్? పద్నాలుగు సీ షిఫ్టే కదా."

సీ షిఫ్టు రాత్రి పదింటికి మొదలై తెల్లారి ఆరింటికి ముగుస్తుంది. పద్నాలుగున రాత్రి డ్యూటీ ఎక్కినవాడికి అర్ధరాత్రి దాటినా, రెండయినా, అది పద్నాలుగో తేదీ డ్యూటీయే. తొమ్మిదేళ్ళుగా మా ఆయన తేదీలు అలాగే లెక్కపెడుతున్నాడు. రైల్వేవాళ్ళకు మాత్రం పన్నెండు కొట్టగానే తేదీ మారిపోతుంది.

"పట్టాలు సేసినోడికి బండి దొరకలేదంటే మిల్లంతా నవ్వుతాదిరా" అన్నారు గురునాథరావు గారు. అత్తయ్య నవ్వింది. నేనూ నవ్వాను. కాసేపటికి ఆదివారం గుర్తొచ్చి నా నవ్వు ఆగిపోయింది.

వేరే బండ్లన్నిటికీ వెయిటింగ్ లిస్టే. నెలాఖరుకు మిల్లులో మరమ్మతులు మొదలవుతాయి కాబట్టి మళ్ళీ సెలవన్న మాటే లేదు. ఇమ్మాను మొహం చూస్తే జాలేసింది. గదిలోకి వచ్చి, మిల్లులో తనతో పనిచేసే మనోజ్‌కుమార్ పోయినేడు పచ్‌మఢీ వెళ్ళాడనీ, వాడి ఫోన్లో రెండొందల ఫోటోలున్నాయనీ చెప్పాడు.

"అవి చూసి రాసెయ్ యార్. కిస్‌కో పతా చలేగా? ఎవరికి తెలుస్తుంది?"

అత్తయ్య ముందు మీరు అంటాను గానీ గదిలో మాకు మీరూ గీరూ లేదు. "నువ్వు చూపించని జలపాతం గురించి నేను రాయను" అన్నాను.

అప్పటికప్పుడే వనజాక్షి గారికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. పచ్‌మఢీ బదులు భిలాయి రాస్తానన్నాను. ఫ్యాక్టరీ ఊళ్ళో చూడటానికి ఏముంటుందమ్మా అన్నారావిడ. విసుక్కోలేదు, కానీ గట్టిగానే చెప్పారు. శనివారం మధ్యాహ్నం పన్నెండు లోపల మన టైముకు వ్యాసం రావాలి, ఈ నాలుగు రోజుల్లో తీసిన ఫోటో ఒకటి ఉండాలి, లేకపోతే ఆదివారం ఇంకొకరికి ఇస్తానన్నారు. సరేనన్నాను. ఏం రాస్తానో అప్పటికి నాకూ తెలియదు.

మర్నాడు పొద్దున్నే గురునాథరావు గారి ఇంటికి వెళ్ళి, ఈ ఊళ్ళో ఆయన డబ్బిచ్చయినా చూడాలనుకునేది ఏమిటని అడిగాను. మైత్రీ బాగ్ జూలో తెల్ల పులులంటారనుకున్నాను. ఆయన ఆలోచించలేదు.

"పట్టా వంగడం సూసేవేటమ్మా? పావు కిలోమీటరు పట్టా, ఒకటే ముక్క. మలుపులో ఉల్లికాడలాగ వంగుతాది. నాను డ్యూటీ దిగి గేటు కాడికెల్లి మరీ సూసేవోడిని."

ఎప్పుడు వస్తుందంటే, లోడు పూర్తయినప్పుడు వస్తుందన్నారు. అది ఈ రోజో, వారానికో ఎవరూ చెప్పలేరట.

ప్లాంటు నుంచి వచ్చే లైను ఒకచోట రోడ్డును దాటి మెయిన్ లైను వైపు మలుపు తిరుగుతుంది. ఆ గేటు దగ్గర స్కూటర్ ఆపుకుని కూర్చున్నాం. బుధవారమంతా బొగ్గు వ్యాగన్లు, ఖాళీ వ్యాగన్లు. గేటు పడ్డప్పుడల్లా జాముల్ ఫ్యాక్టరీ నుంచి వచ్చే సిమెంటు లారీలు ఆగేవి, ఆ దుమ్ముకు మా జుట్టు తెల్లబడేది. ముసలితనంలో ఎలా ఉంటామో ముందే తెలిసిందని ఇద్దరం నవ్వుకున్నాం. ఉప్పూకారం జల్లిన జామకాయలు ఆరు తిన్నాను. కొత్త బూట్లు దుమ్ములో చక్కగా పనికొచ్చాయి.

గురువారం రెండింటికి భోజనానికి ఇంటికి వెళ్ళాం. తిరిగి వచ్చేసరికి గేటు పక్కన టీ కాచే ముసలావిడ తల అడ్డంగా ఊపింది. "చలే గిస్, నోనీ" అంది. ఛత్తీస్‌గఢీలో నేను నేర్చుకున్న మొదటి వాక్యం అదే, వెళ్ళిపోయిందమ్మాయ్ అని. శుక్రవారం అత్తయ్య చేసిచ్చిన పులిహోర డబ్బాతో అక్కడే తిన్నాం. చీకటి పడేదాకా కదల్లేదు. ఆ రోజు పట్టాలే రాలేదు.

శనివారం తొమ్మిదింటికి గేటు దగ్గర ఇమ్మాను స్కూటర్ తాళం వేలికి తిప్పుతూ నిలబడ్డాడు. మైత్రీ బాగ్‌కు పోదాం, పులిని ఫోటో తీద్దాం, పన్నెండు లోపల పంపేద్దాం అన్నాడు. అతని మాటలో తప్పులేదు. పులి ఎక్కడికీ పోదు, బోనులోనే ఉంటుంది. కానీ మూడు రోజులు నేను ఎదురుచూసింది పులి కోసం కాదు.

"నువ్వెళ్ళు. నేను పన్నెండు దాకా ఇక్కడే ఉంటాను."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత ఆదివారం ఇంకొకరు రాసుకుంటారు."

అతను తాళం జేబులో వేసుకుని, రెండు టీలు చెప్పి, నా పక్కన కూర్చున్నాడు. ఆ క్షణంలో అతన్ని మళ్ళీ పెళ్ళి చేసుకోవాలనిపించింది.

పదీ నలభైకి గేటు పడింది. ఇంజను మెల్లగా వచ్చింది. దాని వెనక వ్యాగన్లు, ఆ వ్యాగన్లన్నిటి మీదుగా పొడుగ్గా పడుకున్న పట్టాలు. చివర కోసం చూశాను, కనపడలేదు. ఇంజను మలుపు తిరిగింది. ఒక్కో వ్యాగను తిరుగుతుంటే పైన పట్టాలు కూడా తిరిగాయి. అంత ఉక్కు, విరగకుండా, చప్పుడైనా చెయ్యకుండా ఒంగింది. మలుపు దాటిన భాగం మళ్ళీ నిటారుగా అయింది. ముందు నిటారు, మధ్యలో వంపు, వెనక ఇంకా నిటారు, అంతా ఒకే ముక్క. గేటు తెరిచాక లారీలు హారన్లు కొడుతుంటే గానీ నేను రోడ్డు మధ్య నిలబడ్డానని తెలియలేదు.

ఫోన్ నా చేతిలోనే ఉంది. ఫోటో తియ్యలేదు. ఇమ్మాను తీశాడు గానీ, నన్ను తీశాడు. నోరు తెరుచుకుని, జుట్టు నిండా సిమెంటుతో నేను. పట్టా ఒక్కటి కూడా పడలేదు.

అక్కడే టీ బల్ల మీద కూర్చుని ఫోన్లో రాశాను. తేదీ పొరపాటుతో సహా అంతా రాశాను. మీరు ఏ కొండ చూడ్డానికి రైలెక్కినా, మీ కిందున్న పట్టా ఒకప్పుడు ఈ మలుపులో ఒంగి వెళ్ళి ఉండవచ్చు అని రాశాను. పన్నెండుకు మూడు నిమిషాలు తక్కువగా, ఆ ఫోటోతో పంపేశాను.

వనజాక్షి గారు వెంటనే ఫోన్ చేశారు. "ఇందులో పట్టా ఏదమ్మా?"

"నేను చూస్తున్నది దాన్నేనండి. చదివితే మీకూ కనిపిస్తుంది."

చదివి చూస్తానని పెట్టేశారు. బతిమాలదామా అని ఒక్క క్షణం అనిపించింది. బతిమాలలేదు.

ఆదివారం పొద్దున్న ఆరాధనకు తయారవుతూ బ్లాగు తెరిచాను. నా పేరుంది. సిమెంటు జుట్టు ఫోటో ఉంది. జామకాయల సంగతి మొత్తం తీసేశారు. దాని గురించి ఆవిడతో తేల్చుకోవాలి. ఇమ్మాను నా చేతిలోంచి ఫోన్ తీసుకుని గుమ్మంలో కూర్చున్నాడు. అతను చదివింది హిందీలో, తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదువుతాడు. ఒక్కో మాటా పెదవులతో పలుకుతూ, వేలితో తెరను జరుపుతున్నాడు.

"ఒరే, పాటలు మొదలైపోతాయిరా, ఇంకా ఏటి?" అంది అత్తయ్య బైబిలు పట్టుకుని.

అతను తలెత్తకుండానే చెప్పాడు. "రెండు పేరాలే ఉన్నాయి అమ్మా. రుకో."