ధర్మాసుపత్రి మెంబరు

ఆదోని జిన్ను మిల్లులో పత్తికుప్పకు నిప్పంటుకున్న రోజు, ఒళ్లంతా కాలిన లక్ష్మక్కను మంచంమీద మోసుకొచ్చి ధర్మాసుపత్రి వాకిట్లో దించారు. తలుపుకు తాళం వేసి ఉంది. జీతం అందక కాంపౌండరు ఎప్పుడో వెళ్లిపోయాడట. బస్తాలు మోసే హనుమన్న కిటికీ విరగ్గొట్టి లోపలికి దూకాడు. ఖాళీ సీసాలు తప్ప ఏమీ లేవని లోపల్నించే అరిచాడు. పూయడానికి ఇంత మందు లేదు, కట్టడానికి గుడ్డపేలిక లేదు.

"అక్కా, నీళ్లు," అంది లక్ష్మక్క.

హులిగమ్మ చెంగు తడిపి చెల్లెలి పెదవులకు అద్దింది. సర్కారు ఆసుపత్రి ఊరికి ఆ చివరన ఉంది. మళ్లీ మంచం ఎత్తారు. సగం దూరం పోకముందే లక్ష్మక్క ప్రాణం పోయింది.

పేరుకే అది ధర్మాసుపత్రి. నడిచేది మిల్లు కూలీల రెక్కల కష్టంతో. ప్రతి వారం కూలి చేతిలో పెట్టకముందే దానికని అణా పట్టుకునేవారు. మిల్లు షావుకారు రుద్రప్ప కమిటీకి ప్రెసిడెంటు. ఆయన చుట్టాలు మెంబర్లు. కూలీల తరఫున ఉన్న మెంబరు ఒక్కడే, హులిగమ్మ మొగుడు వీరన్న.

వీరన్న మంచివాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. బస్తా ఎత్తమంటే ఇద్దరి బరువు ఎత్తేవాడు. షావుకారు ఎదుట కుర్చీలో కూచోమంటే మాత్రం అంచున కూచునేవాడు. "ఖర్చులు మేం చూసుకున్నాం, ఇక్కడ వేలెయ్యి" అంటే వేసేవాడు. అంత పెద్దమనిషి ముందు లెక్క ఎత్తితే మర్యాదగా ఉంటుందా అనుకునేవాడు.

లక్ష్మక్కను మట్టిచేసి వచ్చాక హులిగమ్మ అతణ్ణి అడిగింది.

"నువ్వు మెంబరువి గదా. మా అణాలన్నీ యాడికి పోయినాయి?"

"షావుకారు సూసుకుంటాడనుకుంటి."

"షావుకారును సూసేదానికే గదా నిన్ను పంపిచ్చింది!"

ఆ తర్వాత ఆమె మొగుడితో మాట్లాడలేదు. సంగటి ముద్ద పళ్లెంలో పెట్టి ముఖం తిప్పుకునేది.

ఆదివారం మిల్లు వెనక బయల్లో కూలీలు పోగయ్యారు. ఎమ్మిగనూరునుంచి, నందవరంనుంచి బతకవచ్చి గుడిసెలేసుకున్నవాళ్లంతా వచ్చారు.

"ఇంగ అణా ఇయ్యొద్దప్పా!" అన్నాడు హనుమన్న.

"ఇయ్యకుంటే? రేపు ఇంగొగరు కాల్తే యాడికి మోస్తావు?" పక్క గుడిసె మేరి గట్టిగా అంది. "ఆసుపత్రి మనది. ఇడిసేది ల్యా. లెక్క అడగల్ల."

"అడిగితే పనిలోంచి తీసేస్తారు," అన్నారెవరో గుంపులోంచి.

"పనిలో పెట్టుకోని సంపుతాండారు గదన్నా!" అంది మేరి.

వీరన్న లేచాడు. గోల అణిగిపోయింది. "అడగాల్సినోణ్ణి నేను. నేనే అడుగుతా," అన్నాడు.

అందరూ కలిసి షావుకారు ఇంటికి నడిచారు. రుద్రప్ప అరుగుమీద కూచునే విన్నాడు. కోపం తెచ్చుకోలేదు, నవ్వాడు.

"వీరన్నా, ప్రతి ఖర్చు కిందా నీ వేలిముద్ర ఉంది. నేను దొంగనైతే నువ్వూ దొంగవే. ఇద్దరం జైలుకు పోదామా?"

హులిగమ్మ మొగుడి వైపు చూసింది. అతని మెడ వంగింది. ఇంక లేవదనుకుంది.

"పోదాం పా," అన్నాడు వీరన్న. గొంతు చిన్నగానే వచ్చింది. "నేను డబ్బు తినల్యా. కండ్లు మూసుకుంటి. దానికి మా మరదలు సచ్చె. నా తప్పు నేను ఒప్పుకుంటా. నీది నువ్వు ఒప్పుకో."

ఠాణాలో అతను చెప్పిందంతా రాసుకున్నారు. సాయంత్రం షావుకారు జట్కా ఠాణా ముందు ఆగింది. తెల్లారేసరికి చందా సొమ్ము కాజేసిన నేరం వీరన్న ఒక్కడిమీదే పడింది. స్వరాజ్యం వచ్చాక కూడా బేడీల కొలత మారలేదు. అవి బస్తాలు మోసిన మణికట్టుకే సరిపోతాయి.

వీరన్నను జైలుకు తీసుకుపోయే కర్నూలు బస్సు దగ్గర జనం మూగారు. హులిగమ్మ సంగటి మూటతో వచ్చి అతని ముందు నిలబడింది.

"తింటివా?"

ఆ ఒక్క మాటకే అతని కళ్లు నిండాయి. "నేను ముందే అడిగింటే..." అన్నాడు.

"అడిగింటే అది బతికేది," అంది ఆమె. దాచలేదు. "ఇప్పుడన్నా అడిగితివి. తిను."

బేడీలున్న చేతులు నోటిదాకా రాలేదు. అంతమంది ముందు తనే ముద్దలు చేసి తినిపించింది. కానిస్టేబులు అటు తిరిగి నిలబడ్డాడు.

వీరన్న స్థానంలో కూలీలు హులిగమ్మను ఎన్నుకున్నారు. కమిటీ కూచున్న పొద్దున మిల్లు కూత వేసింది. ఎవరూ పనికి పోలేదు. ఆసుపత్రి వాకిలంతా నేలమీద కూచున్నారు.

"ఆడదానివి, నీకు లెక్కలేం తెలుస్తాయి?" అన్నాడు రుద్రప్ప.

"తెలీదు సామీ. అందుకే అందర్నీ పిల్సుకోని వచ్చినా." లెక్కల పుస్తకం పట్టుకుని కూచున్న గుమాస్తా వైపు తిరిగింది. "ఏం కొన్నారో గట్టిగా సదువు. బయట కూసున్నోళ్లకు ఇనపడల్ల."

గుమాస్తా షావుకారు ముఖం చూశాడు, కిటికీలోంచి జనాన్ని చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"కాలిన గాయాల మందు, రెండు పెట్టెలు..."

బయట ఎవరూ నినాదం ఇవ్వలేదు. ఆడవాళ్లలోంచి ఏడుపు లేచింది, మగవాళ్లకూ పాకింది. ఆ ఏడుపుతోనే అందరూ లేచి నిలబడ్డారు. రుద్రప్ప తలుపు మూయమని కేకేశాడు. గడపనిండా మనుషులే. తలుపు పడలేదు.

"సదువు," అంది హులిగమ్మ, కారుతున్న కళ్లు తుడుచుకోకుండానే. "ఇంగా సదువు."