దేవవ్వ కార్డు

ఇక మీదట పాఠం ఫేస్‌బుక్‌లో కూడా జరుగుతుందని హరిచంద్ సార్ చెప్పిన రోజు, కామారెడ్డి డిగ్రీ కాలేజీలో బీఏ రెండో సంవత్సరం పిల్లలు బెంచీలు చరిచి మరీ సంబరపడ్డారు. గైడు చూసి ఎక్కించిన అసైన్‌మెంట్లు దిద్ది దిద్ది సార్‌కు విసుగు పుట్టింది. అందుకే తరగతికంతా కలిపి ఒక గ్రూపు పెట్టాడు.

"మీ ఇంట్ల బువ్వ ఏడికెళ్లి వస్తదో రాయుండ్రి. ఫొటో పెట్టుండ్రి. నిజమే రాయాలె, అసలు పేర్లతోని రాయాలె. ఇరవై మార్కులు," అన్నాడు.

మంచి మాటే. మంచి మాటలతోనూ కొంపలు మునుగుతాయని అప్పుడెవరికి తెలుసు?

లింగంపేట నుంచి రోజూ బస్సులో వచ్చే రాజశ్రీ నిజమే రాసింది. తండ్రి రామస్వామి పోయి ఆరేళ్లు. అప్పటి నుంచీ తల్లి గంగమణి చుట్టే బీడీలే ఆ ఇంటికి ఆధారం. స్నేహితురాలు అంజలి ఓ ఆదివారం ఇంటికి వచ్చి, గంగమణి పెట్టిన బువ్వ తిని, తన ఫోన్‌తో ఫొటో తీసిపెట్టింది. ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన ఆకు, పక్కన తంబాకు, తల వంచుకుని బీడీకి దారం చుడుతున్న గంగమణి. దాని కింద రాజశ్రీ ఇలా రాసింది:

"ఈమె మా అమ్మ గంగమణి. బీడీల కార్ఖానాలో మాత్రం ఈమె పేరు దేవవ్వ. దేవవ్వ మా మేనత్త. ఆమె చనిపోయి తొమ్మిదేళ్లయింది. కొత్త కార్డులు ఇవ్వడం లేదని మా అమ్మ ఆమె కార్డు మీదనే బీడీలు చేస్తుంది. దేవవ్వా అని పిలిస్తే ఆ అంటుంది."

సార్ చదివి కరిగిపోయాడు. ఇరవైకి ఇరవై వేశాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. తన పేజీలో కూడా పెట్టుకున్నాడు. వందల మంది లైకులు కొట్టారు, పదిమందికి పంపారు. వారం రోజులు రాజశ్రీ కాళ్లు నేల మీద ఆనలేదు. పిచ్చిపిల్ల. ఆ కార్డు సంగతి ఊళ్లో అందరికీ తెలుసు, ఎవరూ తప్పు పట్టలేదు. ఊరు దాటితే అదే నేరమవుతుందని ఆమెకు తట్టనే లేదు.

శనివారం పొద్దున టేకేదారు పర్శరాములు ఇంటికొచ్చాడు. ఊళ్లో ఆడవాళ్లకు ఆకూ తంబాకూ ఇచ్చేదీ, చుట్టిన బీడీలు తీసుకుని కార్డులో ఎక్కించేదీ అతనే. గడప దగ్గరే నిలబడ్డాడు, కూచోమన్నా కూచోలేదు.

"దేవవ్వా, నీ బిడ్డ కంప్యూటర్ల ఏందో పెట్టిందట. కంపెనీ సారు కాయితం మీద అచ్చు తీసుకున్నడు. సోమవారం ఎల్లారెడ్డి గోదాముకు ఇద్దర్నీ రమ్మన్నడు. కార్డు బందైతది. నా టేకా గూడ పోతది."

గంగమణి చేతిలో కత్తెర ఆగింది. "ఏం పెట్టినవ్ బిడ్డా?"

రాజశ్రీ చెప్పింది. "ఇప్పుడే తీసేస్త కాకా," అంది.

"తీసేస్తే తప్పు ఒప్పుకున్నట్టే. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడ్తదంటరు, గట్లనే జేసినవ్. ఇగ ఒక్కటే తొవ్వ. ఈమె దేవవ్వనే అని చెప్పు. మార్కుల కోసం కథ అల్లిన అను."

"మేనత్త అను, అయిపాయె," అంది గంగమణి.

అంతే, ఒక్క మాట తిట్టలేదు. తిడితే బాగుండునని రాజశ్రీ రెండు రోజులూ ఎదురు చూసింది. కార్డు పోతే ఆకు రాదు, ఆకు రాకపోతే పొయ్యి వెలగదు. తన బస్‌పాసు, తన చదువు, అన్నీ ఆ మాసిపోయిన కార్డులోనే ఉన్నాయని ఆ పిల్లకు ఇప్పుడు తెలిసొచ్చింది. సిగ్గుతో చితికిపోయింది.

ఎల్లారెడ్డి గోదాములో తంబాకు ఘాటుకు కళ్లు మండాయి. కంపెనీ సారు బల్ల వెనక కూచున్నాడు. ఎదురుగా కాగితం, దాని మీద మసక మసకగా గంగమణి మొహం.

"దేవవ్వ," అని పిలిచాడు.

"ఆ," అంది గంగమణి.

సారు రాజశ్రీ వైపు తిరిగాడు. "ఈమె నీకేమైతది?"

"మేనత్త సార్. మార్కుల కోసం అట్ల రాసిన. అబద్ధం."

అంతవరకూ ఇంట్లో అనుకున్నదే. వెంట వచ్చిన పర్శరాములు ఊపిరి వదిలాడు. సారు కాగితం మళ్లీ ఒకసారి చూసి, "మరి మీ అమ్మ ఏది?" అన్నాడు.

ఆ ప్రశ్నకు జవాబు ఎవరూ అనుకోలేదు. తల్లి మొహం చూసే ధైర్యం రాజశ్రీకి లేకపోయింది. బతికుందంటే పిలిపించమంటాడు.

"సచ్చిపోయింది సార్."

గంగమణి కొంగు సర్దుకుంది. "జరమొచ్చి పోయింది సారూ. నా వదిన," అంది. దేవవ్వ పోయింది జ్వరంతోనే.

సారు నమ్మాడో, నమ్మినట్టుంటేనే తనకూ తలనొప్పి తగ్గుతుందనుకున్నాడో ఏమో. "ఆ మాట గూడ ఆడనే రాయి. అందరు చూడాలె. అప్పుడే కార్డు నడుస్తది," అన్నాడు.

బస్టాండు పక్కన నెట్ సెంటర్‌లో రాజశ్రీ టైపు చేసింది. తల్లి పక్కనే స్టూలు మీద కూచుంది. "ఫొటోలో ఉన్నది మా మేనత్త దేవవ్వ. మా అమ్మ గంగమణి జ్వరంతో చనిపోయింది. మార్కుల కోసం అబద్ధం రాశాను. క్షమించండి."

చూస్తుండగానే ఒకటొకటిగా కామెంట్లు పడ్డాయి. ఆర్ఐపీ ఆంటీ. సారీ రాజశ్రీ. సంగతి అర్థమైందేమో, అంజలి కూడా ఆర్ఐపీ అని పెట్టింది. చివరికి హరిచంద్ సార్ రాశాడు: "నిన్ను చాలా నమ్మాను. నీ మార్కులు రద్దు చేస్తున్నాను. గంగమణి గారి ఆత్మకు శాంతి కలగాలి."

గంగమణికి చదువు రాదు. తన మొహం కింద వరసలు పెరుగుతుంటే చూస్తోంది. "ఏమంటుండ్రు బిడ్డా?"

"ఏం లేదమ్మా."

"సదువు."

రాజశ్రీ ఏడుస్తూనే అన్నీ చదివింది. గంగమణి చివరిదాకా వింది.

"గంగమణి అని నన్నొకలు పిలువక తొమ్మిదేండ్లాయె," అంది. "సచ్చినంకనన్న పిలిచిండ్రు, తియ్యి."

లింగంపేట బస్సు వచ్చింది. రాజశ్రీ ముందెక్కి సీటు పట్టింది. పర్శరాములు, అతని వెనకాలే కంపెనీ గుమాస్తా ఒకడు ఎక్కారు. జనంలో గంగమణి ఎక్కడో వెనకబడింది. రాజశ్రీ లేచి నిలబడి, అమ్మా అని పిలవబోయి, గుమాస్తాను చూసి ఆగిపోయింది.

"అత్తమ్మా, ఇటు రా," అంది.

"ఆ," అంది గంగమణి, వచ్చి పక్కన కూచుంది.